ఆరు ఆదివారాలు, ఒక్క చేప లేదు: అసలు గాలం ఎప్పుడు వేయాలి?

ఖాళీబుట్ట
కొత్త రాడ్డు, రీలు, దారం, కొక్కేలు అన్నీ కలిపి 4,600 అయింది. ఇంట్లో 2,000 అని చెప్పాను. ఏప్రిల్ నడిమి నుంచి ఆరు ఆదివారాలు వరసగా వెళ్లాను. సంగారెడ్డి వైపు మా బావ వాళ్ల ఊరి చెరువు. చెరువులో చేపపిల్లలు వేసే సొసైటీ వాళ్లను అడిగే కూర్చుంటున్నా, దొంగతనం ఏమీ లేదు. వీడియోల్లో అందరూ "సూర్యోదయానికి ముందే" అంటారు కదా అని నాలుగున్నరకల్లా కట్ట మీద ఉంటున్నా. గోధుమపిండి ముద్ద పెట్టాను, వానపాములు పెట్టాను. ఏడున్నరకి ఎండ చుర్రుమనగానే సర్దుకుని ఇంటికి. మొత్తం మీద బెండు కదిలింది నాలుగుసార్లు, అందులో ఒకటి తాబేలు. చేపలు లేవా అంటే ఉన్నాయి. కళ్ల ముందే పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎర మాత్రం ముట్టవు. ఏ నెల, ఏ టైము, ఎలాంటి వాతావరణం? ఎవరైనా సరిగ్గా చెప్పండి, పుణ్యం ఉంటుంది.

ఎర్రలడబ్బా
తాబేలు పడింది కదా, మరీ ఖాళీ అంటావేంటి.

గట్టుమీదగణపతి
ఆరు ఆదివారాలకే ఇంత గోలా? నేను ముప్ఫై ఏళ్లుగా తెల్లవారుజామునే వెళ్తున్నా. చీకటి విడిచే వేళ చేప మేతకి వస్తుంది, అంతే. ఇందులో సైన్సు లేదు. నీ ఎర బాగా లేదు, లేదా నువ్వు ఫోన్ మాట్లాడుతూ కూర్చుంటున్నావు.

ఖాళీబుట్ట
ఫోన్ సైలెంట్లోనే పెడుతున్నా సార్. ఎర కూడా మా బావ చెప్పినట్టే, గోధుమపిండిలో పల్లి చెక్క, తవుడు, కాస్త నెయ్యి.

ఎర్రలడబ్బా
నెయ్యి చేపకి, పచ్చడి మెతుకులు నీకు.

ఆక్వారవి
ఖాళీబుట్ట గారూ, ముందు ఒకటి చెప్పండి. ఆ చెరువు నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?

ఖాళీబుట్ట
పచ్చగా. గోంగూర ఉడికించిన నీళ్లలా. అడుగు లోతులో చెయ్యి పెడితే కనబడదు.

ఆక్వారవి
అదీ సంగతి. గణపతి గారికి కోపం వచ్చినా సరే, మీ జబ్బు అదే. నాది భీమవరం వైపు, చేపల చెరువుల దగ్గర పదకొండేళ్లుగా పని. రోజూ ఆక్సిజన్ మీటరు ముంచి చూడటమే నా బతుకు.

నీళ్లు పచ్చగా ఉన్నాయంటే నిండా నాచు ఉందని. కంటికి ఒక్కొక్కటి కనబడని సన్నటి నాచు. పగలు ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే నాచు, చేపలతో పాటు ఆక్సిజన్ పీల్చేస్తుంది. రాత్రంతా తోడేసుకుంటూ పోతే అన్నిటికంటే తక్కువకి పడిపోయేది ఎప్పుడు? సరిగ్గా తెల్లవారే ముందు, అంటే మీరు ఎర వేసే వేళకి. లీటరుకి 2 మిల్లీగ్రాములకి పడిపోయినవి నేనే చూశాను. నీళ్లలో గాలి కలిపే మా ఏరేటర్లు అర్ధరాత్రి దాటాక తిప్పేది అందుకే. పైకి వచ్చి నోళ్లు తెరిచే చేప మేతకి రాలేదండీ, ఊపిరాడక వచ్చింది. అప్పుడు దాని నోటి ముందు బిర్యానీ పెట్టినా తినదు.

పైగా ఎండాకాలం. 20 డిగ్రీల నీళ్లలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరే. అంటే మొదలే తక్కువ ఉన్నదాన్ని రాత్రంతా లాగేస్తున్నాం. మీరు ఏడున్నరకి సర్దేస్తున్నారు, అసలు కథ ఎనిమిది తర్వాతే మొదలవుతుంది. ఎండ పడి గంటా రెండు గంటలు కావాలి. మా దగ్గర రైతులు గుంజలకి తవుడు సంచులు కట్టి మేత పెడతారు, అదీ ఎండ వచ్చాకే. మబ్బు పట్టిన పొద్దున మేత తగ్గిస్తారు, చేపలు నోళ్లు తెరిస్తే ఆ రోజుకి ఆపేస్తారు. డబ్బులు పెట్టి మేత కొనేవాడికి చేప ఎప్పుడు తింటుందో బాగా తెలుసు.

గట్టుమీదగణపతి
నేను ముప్ఫై ఏళ్లుగా పట్టినవన్నీ ఊపిరాడని చేపలేనా అయితే?

ఆక్వారవి
మీరు ఎక్కడ వేస్తారు గణపతి గారూ?

గట్టుమీదగణపతి
కృష్ణలో. నాగార్జునసాగర్ దిగువన.

ఆక్వారవి
చూశారా! పారే నీరు, రాళ్ల మీద పడి గాలి కలుపుకునే నీరు. అక్కడ తెల్లవారుజామున ఆక్సిజన్ కరువు ఉండదు, నీళ్లు చల్లగా ఉంటాయి, వెలుతురు తక్కువ, చేప ఒడ్డుకి ధైర్యంగా వస్తుంది. మీకు మీ మాట నిజం, ఆయన చెరువుకి కాదు.

గట్టుమీదగణపతి
సరే. ఒప్పుకున్నానని కాదు, ఆలోచిస్తున్నా.

ఎర్రలడబ్బా
ఈ మాట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గణపతి గారు ఆలోచిస్తున్నారట.

కొర్రమీనుకింగ్
మీరంతా బొచ్చె, రవ్వల లెక్క చెబుతున్నారు. కొర్రమీనుకి ఈ ఆక్సిజన్ గొడవే లేదు. అది పైకి వచ్చి గాలి పీలుస్తుంది. నీటి కింద నొక్కి పెడితే చచ్చిపోయే చేప అది. నా మట్టుకు మార్చి నుంచి మే దాకా బంగారు కాలం. నీళ్లు తగ్గి చేపలన్నీ ఉన్న గుంటల్లోకే చేరతాయి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా. మధ్యాహ్నం తామరాకుల కింద, గుర్రపుడెక్క కింద నీడలో పడుకుంటుంది, అప్పుడు కూడా రబ్బరు కప్పని ఆకుల మీద ఈడ్చుకుంటూ వస్తే ఒక్కోసారి ఆకు చీల్చుకుని మరీ కొడుతుంది. ఆ చప్పుడు ఒక్కసారి వింటే నీ 4,600 వసూలే.

పద్మ_బోధన్
కింగ్ గారూ, కొట్టగానే లాగేస్తారు అందరూ, అదే తప్పు. రెండు అంకెలు లెక్కపెట్టి లాగాలి. నేను మొదటి ఏడాది తొమ్మిది పోగొట్టుకున్నాను ఆ తొందరతోనే.

ఇంకో సంగతి, ఎవరూ గాలి మాట ఎత్తలేదు. చెరువుకి ఏ వైపు కూర్చుంటున్నావు తమ్ముడూ? అందరూ గాలికి వీపు పెట్టి కూర్చుంటారు, విసరడానికి తేలిక కదా అని. గాలి ఎటు కొడుతుందో ఆ ఒడ్డుకి పురుగూ పుట్రా, నాచూ అంతా కొట్టుకొస్తుంది, అలలకి గాలి కూడా కలుస్తుంది. రెండు మూడు గంటలు ఒకే వైపు గాలి వీచిందంటే మొహాన గాలి కొట్టే ఒడ్డునే కూర్చోవాలి. దారం వెనక్కి వస్తుంది, విసుగొస్తుంది, అయినా సరే.

ఖాళీబుట్ట
అమ్మో. నేను వేపచెట్టు నీడ ఎటుంటే అటు కూర్చుంటున్నా.

ఎర్రలడబ్బా
చెట్టుకి ఏం తెలుసు పాపం.

గోదారోడు
ఎండాకాలం గాలమేంటండీ బాబూ. వాన పడాలి, కొత్త నీరు దిగాలి. మాది రాజమండ్రి దగ్గర. తొలకరి జల్లు పడి కాలవల్లోకి కొత్త నీరు రాగానే చేపకి పిచ్చెక్కుతుంది, ఎదురెక్కుతుంది. వాలుగ అయితే రాత్రిపూట. నోటి నిండా పళ్లు, స్టీలు తీగ లేకపోతే దారం తెంపుకుపోద్ది. కోడిపేగు కట్టి వేస్తే చాలు. జూలై, ఆగస్టుల్లో గోదారి ఎర్రగా వచ్చినప్పుడు నడి ఏట్లో ఏమీ దొరకదు, ఆ బురదకి చేప కళ్లు కనబడవు. అప్పుడు పాయ పక్కన నీరు మందగించే చోట, వాగు కలిసే చోట, ఎర్ర నీరూ తేట నీరూ అంచు కలిసే దగ్గర వేయాలి.

సందేహాలరావు
గోదారోడు గారూ, పులస గాలానికి పడుతుందా?

గోదారోడు
పడితే నేను ఇక్కడ టైపు చేస్తూ కూర్చుంటానా? పుస్తెలమ్మి పులస తినమన్నారు గానీ పుస్తెలు కొక్కేనికి కట్టమనలేదు. నీటిలో తేలే సన్నటి నాచునీ సూక్ష్మజీవుల్నీ వడకట్టుకుని తినే చేప అది, ఎర జోలికి రాదు. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుకుంటూ ధవళేశ్వరం ఆనకట్ట దిగువ దాకా వస్తుంది. వలవాళ్లదే రాజ్యం.

వలవాళ్ళబ్బాయి
మా తాతల కాలం నుంచి చెరువే మాకు బతుకు. రెండు మాటలు చెబుతా.

కార్తెల లెక్క మరిచిపోయి నెలల లెక్క అడుగుతున్నారు, అందుకే కుదరట్లేదు. రోహిణిలో నీళ్లు అడుగంటుతాయి, గుంటలో చేప ఒత్తుగా ఉంటుంది, కానీ నీరసంగా ఉంటుంది. రవి అన్న చెప్పినట్టు పొద్దెక్కాక గానీ తినదు. మృగశిర, ఆరుద్రల్లో కొత్త నీరు. వాన పడిన వెంటనే పోవద్దు. కట్ట మీది మట్టి, పేడ, ఆకు అలము అంతా కొట్టుకొచ్చి నీళ్లు కలకబారుతాయి, పైగా అడుగున ఉన్న చెడ్డ నీరు పైకి తిరగబడుతుంది. పెద్ద వాన పడిన మర్నాడు ఒక్కోసారి చేపలు తేలి చచ్చిపోయేది అందుకే. రెండు రోజులు ఆగి, నీరు కాస్త తేరుకున్నాక, వాగు వచ్చి చెరువులో కలిసే నోటి దగ్గర వెయ్యండి. చెరువు నిండుతున్నప్పుడు చేప పలచబడుతుంది. మునిగిన గడ్డిలోకి, పొలాల అంచుల్లోకి పోతుంది. మత్తడి దుంకి ఆగి, నీళ్లు నిలకడ పట్టిన హస్త, చిత్త కార్తెలు ఉన్నాయి చూశారూ, అంటే సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు ఆఖరు దాకా, గాలానికి అంతకు మించిన కాలం లేదు. ఎండా మంటలా ఉండదు, నీళ్లు వెచ్చగా ఉంటాయి, చేప వానాకాలం మేతకి ఒళ్లు చేసి ఉంటుంది.

ఇంకొకటి. చెరువులో వేసిన పిల్ల సొసైటీది. కిలో లోపు బొచ్చె, రవ్వ పడితే దయచేసి వదిలేయండి. మాకు అది వచ్చే ఏడాది పైసలు.

గోదారోడు
మత్తడి దుంకడం అంటే అలుగు పారడమేనా?

వలవాళ్ళబ్బాయి
అదే. మీరు పారిస్తారు, మేము దుంకిస్తాం.

ఆక్వారవి
వలవాళ్ళబ్బాయి చెప్పిన "చెడ్డ నీరు తిరగబడటం" నూటికి నూరుపాళ్లు నిజం. పైన వేడి నీరు, అడుగున చల్లటి నీరు పొరలుగా ఉంటాయి. అడుగు పొరలో ఆక్సిజన్ ఉండదు, కుళ్లిన ఆకుల వాయువులు ఉంటాయి. చల్లటి గాలివాన కొట్టగానే రెండూ కలిసిపోతాయి. దీన్నే మేము "చెరువు తిరగబడింది" అంటాం.

సింగపూర్_శీను
ఇక్కడ ఏడాదంతా ఒకటే ఎండ, కాబట్టి మాకు నెల కంటే గంట ముఖ్యం. రిజర్వాయర్లలో హద్దులు గీసిన చోట మాత్రమే వేయనిస్తారు, ప్రాణం ఉన్న ఎర కుదరదు, ప్లాస్టిక్కువే వాడాలి. బెడోక్ రిజర్వాయరులో పీకాక్ బాస్ కోసం వెళ్తుంటా, దక్షిణ అమెరికా చేప, ఎవరో వదిలితే ఇక్కడ స్థిరపడింది. దానికి చీకటి అక్కర్లేదు, కంటితో వేటాడే రకం, పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య బాగా కొడుతుంది. తొమాన్ అని మన కొర్రమీనుకి పెద్దన్న ఉంటాడు, వాడికి మాత్రం సాయంత్రం. డిసెంబరులో వానలు ఎక్కువ, రోజుల తరబడి నీరు చల్లబడితే రెండూ ముడుచుకుని కూర్చుంటాయి.

సందేహాలరావు
అమావాస్యకి చేప బాగా పడుతుందట, నిజమేనా? గాలం యాప్‌లో చంద్రుడి బొమ్మ పెట్టి రోజుకిన్ని స్టార్లని రేటింగు ఇస్తున్నారు.

పద్మ_బోధన్
మా మామగారు రిటైర్డ్ టీచరు. గాలం వేసిన ప్రతి రోజూ నోటుబుక్కులో రాస్తారు: తిథి, గాలి, నీటి రంగు, ఎర, పడిన చేప. ఎనిమిదేళ్లది ఉంది. ఓ సెలవుల్లో కూర్చుని నేను లెక్క వేశాను. అమావాస్యకీ పౌర్ణమికీ పగటి వేటలో తేడా ఏమీ కనబడలేదు. నీటి రంగుతో మాత్రం బాగా తేడా కనబడింది. మామగారికి చెబితే, "పిండి ముద్ద నువ్వు కలిపిన రోజులు తీసేసి లెక్క వెయ్యి" అన్నారు.

కొర్రమీనుకింగ్
పౌర్ణమి రాత్రి వాలుగ తక్కువ పడటం మాత్రం నాకు అనుభవం. వెలుతురికి ఒడ్డుకి రాదు. మిగతాది యాప్ వాళ్ల వ్యాపారం.

గట్టుమీదగణపతి
మబ్బు రోజు గురించి ఎవరూ ఎత్తలేదు. మా నదిలో సన్నటి మబ్బు, చిరుజల్లు ఉంటే రోజంతా పడుతుంది.

ఆక్వారవి
నదిలో నిజమే. చెరువులో మొదటి మబ్బు రోజు బాగుంటుంది. వరసగా మూడు రోజులు ఎండ లేకపోతే నాచు చేసే ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, నాలుగో రోజు వెళ్లడం దండగ. ఈసారి మనం సగం సగం కలిశాం గణపతి గారూ.

గట్టుమీదగణపతి
ఊఁ.

కావేరికల
ఇదంతా సరే, నదుల్లో పెరిగే ఆ భారీ చేప, మహసీర్ మాట ఎవరూ ఎత్తరేం? కర్ణాటకలో, కావేరి ఒడ్డున భీమేశ్వరి వైపు ఒకప్పుడు గాలం వేసేవాళ్ల క్యాంపులు ఉండేవి. ఇప్పుడు వెళ్లొచ్చా?

పద్మ_బోధన్
ఆ కాలం అయిపోయింది. అభయారణ్యం కావడంతో అక్కడ గాలం ఆపేసి పదేళ్లు దాటింది. ఆ మూపు మహసీర్‌ని 2018లో అంతరించిపోయే అంచున ఉన్న జాబితాలో చేర్చారు. కానీ మన చర్చకి పనికొచ్చే ముక్క ఒకటి ఉంది. అక్కడ వేటకి పేరున్న కాలం జనవరి నుంచి మార్చి దాకా. నది తగ్గి, తేటపడి, చేప మడుగుల్లోకి చేరే రోజులు. 1946లో కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన పట్టిన 120 పౌన్ల చేప, అంటే 54 కిలోలు, అది కూడా మార్చిలోనే.

ఎర్రలడబ్బా
54 కిలోలా! మా ఆవిడ బరువు చెప్పను గానీ, దగ్గరగా ఉంది.

చలికాలంచంద్రం
డిసెంబరు, జనవరిల్లో మా కరీంనగర్ వైపు అందరూ రాడ్లు అటక మీద పెట్టేస్తారు. అక్కర్లేదు. టైము మార్చండి చాలు. నీళ్లు 20, 21 డిగ్రీలకి పడ్డాక పొద్దున్నే వెళ్తే వేళ్లు కొంకర్లు పోవడం తప్ప ఏమీ ఉండదు. పదకొండు నుంచి మూడు దాకా, ఎండ పడే లోతు తక్కువ చోట, చిన్న ఎర. బెండు మునగదు, కొంచెం వంగుతుంది అంతే, చూస్తూ ఉండాలి. కొర్రమీను మాత్రం ఆ రెండు నెలలు మరిచిపోండి.

ఆక్వారవి
లోతు మాట వచ్చింది కాబట్టి ఇదీ రాసుకోండి. బొచ్చె పై నీటి చేప, రవ్వ నడిమి నీటిది, ఎర్రమోసు అడుగుది. ఖాళీబుట్ట గారు ఎర ఎక్కడ పెడుతున్నారో?

ఖాళీబుట్ట
సీసం గుండు కట్టి అడుక్కి. అన్నిటికీ అదే.

ఎర్రలడబ్బా
పైన బొచ్చెలు నోళ్లు తెరుస్తున్నాయి, ఈయన అడుగున తాబేళ్లకి టిఫిన్ పెడుతున్నాడు.

వలవాళ్ళబ్బాయి
వానలు వస్తున్నాయి కాబట్టి అందరికీ ఒక మాట. మెరుపు కనబడిన ముప్ఫై సెకన్లలోపు ఉరుము వినబడితే రాడ్డు కింద పడేసి కట్ట దిగండి. కార్బన్ రాడ్డు కరెంటుకి దారి ఇస్తుంది. కాలువల మీద వేలాడే కరెంటు తీగలు కూడా చూసుకోండి, విసిరేటప్పుడు పైకి ఎవరూ చూడరు. మా ఊళ్లో ఒకాయన చెయ్యి కాలింది. ఇక ఖాళీబుట్ట అన్నా, మీది సంగారెడ్డి వైపు అన్నారు కాబట్టి చెబుతున్నా, మంజీర అభయారణ్యం లోపలికి మాత్రం వెళ్లకండి. అక్కడ గాలం నిషేధం, మొసళ్లు నిజంగానే ఉన్నాయి.

ఖాళీబుట్ట
అప్‌డేట్. నిన్న ఆదివారం మీరు చెప్పినట్టే చేశాను. ఎనిమిదికి వెళ్లాను, గాలి మొహాన కొట్టే ఒడ్డున, సీసం తీసేసి రెండడుగుల లోతులో పిండి ముద్ద. తొమ్మిదింటి నుంచి పదిన్నర దాకా బెండు ఆగలేదు! పడినవి మాత్రం నాలుగూ తిలాపియాలే, అరచేయంత. కట్ట మీది పిల్లికి వేశాను. పదింటికి ఏదో పెద్దది లాగింది, రీలు కుయ్యోమంది, దారం తెగింది. చేతులు ఇప్పటికీ వణుకుతున్నాయి. మెడ వెనక తోలు ఎండకి ఊడుతోంది.

పద్మ_బోధన్
తువ్వాలు తడిపి మెడకి వేసుకో తమ్ముడూ. దారం చివరి రెండు గజాలు ప్రతిసారీ వేళ్లతో తడిమి చూడు, గరుకు తగిలితే కోసెయ్యి.

గట్టుమీదగణపతి
తొమ్మిదింటికి పడిందా. హూఁ. నేనూ మా ఊరి చెరువులో ఓసారి చూస్తా.

ఖాళీబుట్ట
ఇంకో అప్‌డేట్, రెండు వారాలు ఆలస్యంగా. మృగశిర వానలు బాగా పడ్డాయి. రెండు రోజులు ఆగి వెళ్లాను. వాగు కలిసే నోటి దగ్గర, గడ్డి అంచున, నీళ్ల పైన ఎర్రగా చాటంత మచ్చ కదులుతోంది. చూస్తే చిన్న చిన్న పిల్లలు, వందలు. కింగ్ గారి రబ్బరు కప్ప గుర్తొచ్చి దాని మీదుగా ఈడ్చాను. బాంబు పడ్డట్టు కొట్టింది! రెండు అంకెలు లెక్కపెట్టి లాగాను. కొర్రమీను, కిలోన్నర పైమాటే. ఒడ్డుకి తెచ్చి కొక్కెం తీసి, ఒక చేత్తో ఫోన్ తీస్తుంటే జారి నీళ్లలో పడింది. ఏడుపొక్కటే తక్కువ.

కొర్రమీనుకింగ్
ఫోటో లేని చేప కిలోన్నర కాదు, పావుకిలో.

వలవాళ్ళబ్బాయి
జారిపోయిందే మంచిదయింది అన్నా. ఆ ఎర్ర మచ్చ దాని పిల్లలే. వానాకాలం మొదట్లో కొర్రమీను గుడ్లు పెట్టి, పిల్లలు ఎదిగేదాకా కింద కాపలా కాస్తుంది. మీ కప్ప దాని పిల్లల మీదికి వచ్చిందని కొట్టింది గానీ ఆకలికి కాదు. అది ఇంటికి పోయి ఉంటే ఆ పిల్లలన్నిటినీ ఒక్క పూటలో మిగతా చేపలు ఊడ్చేసేవి. ఎర్ర మచ్చ కనబడితే పక్కకి జరిగి వెయ్యండి.

కొర్రమీనుకింగ్
ఇది నిజం. నేనూ మొదట్లో ఒకటి రెండు సార్లు చేశాను ఆ పని, తెలియక.

ఖాళీబుట్ట
అయ్యో, నాకు నిజంగా తెలియదు. ఇక ఆ వైపు వెళ్లను, హస్త కార్తెకి వస్తా. పడిందైతే పడింది కదా, ఇప్పుడు నా పేరు మార్చుకోవచ్చా?

ఎర్రలడబ్బా
బుట్ట ఇంకా ఖాళీయేగా?